పదహారు గీతల తాబేలు

అంతర్వేది పల్లిపాలెం రేవులో ఏ బోటు ముక్కు మీద చూసినా మాణిక్యం రాతే. ఒకటా రెండా, ముప్ఫై ఒక్క ఏళ్ళు! కొత్త బోటు కట్టించినవాడు ఎంతటివాడైనా సరే, ముందు పంతులుగారిని ముహూర్తం అడగాలి, వెంటనే మాణిక్యాన్ని తీరిక అడగాలి. ఊళ్ళో కొట్ల బోర్డులన్నిటినీ ఫ్లెక్సీలు మింగేశాక కూడా బోట్లు మాత్రం ఆయన చేతిలోనే ఉండిపోయాయి. సముద్రంలో దూరంగా కనిపించే బోటు ఎవరిదో తెలియక తికమకపడేటప్పుడు, "ఆ శ్రీ చూడండ్రా, మనోళ్ళదే" అనేవారు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని. అంత నిండుగా ఉండేది ఆయన రాసే శ్రీకారం.

గర్వం ఉండేదా అంటే, ఎందుకుండదూ? బోలెడు ఉండేది. పెళ్ళిభోజనాల్లో కూడా కుడిచెయ్యి ఎత్తి చూపించి, "ఇది నాది కాదండీ, స్వామిది. నాకు అద్దెకిచ్చేడంతే" అనేవాడు. విన్నవాళ్ళు నవ్వేవారు కానీ, కాదనేవారు కాదు.

అలాంటి మనిషికి కిందటి జ్యేష్ఠంలో పక్షవాతం వచ్చింది. మూతి వంకర రెండు వారాల్లో సర్దుకుంది. కాలు, అమలాపురంలో కసరత్తులు చేయిస్తే, మూడొంతులు దారికొచ్చింది. కుడిచెయ్యి మాత్రం భుజానికి తగిలించిన ఖాళీ సంచిలా వేలాడుతూ మిగిలిపోయింది. ఎనిమిది నెలలుగా మాణిక్యం రేవు మొహం చూడలేదు. గడ్డం గీయించుకోడు. పలకరించడానికి ఎవరైనా వస్తే గోడవైపు తిరిగి పడుకుంటాడు. చెయ్యి పోవడం ఒక ఎత్తు, ఆ చెయ్యే తను అనుకుని బతికినవాడికి అది పోవడం ఇంకో ఎత్తు.

ఆయన భార్య వీరాయమ్మ తొమ్మిదేళ్ళు సింగపూర్‌లో పనిచేసింది. మన వైపు ఆడవాళ్ళు ఎక్కువగా గల్ఫ్ వెళ్తారు గానీ, ఈవిడకి మాత్రం అటు రాసిపెట్టి ఉంది. అక్కడ చెన్ అనే ముసలాయన దగ్గర ఉండేది. రిటైరైన స్కూలు మాస్టారు, ఒంటరి మనిషి. ఆయన్ని లేపడం, స్నానం చేయించడం, గంజి కాచి పొయ్యడం ఈవిడ పని. ఆ చెన్ తాతగారు పోయిన నెలకే ఇక్కడ మాణిక్యం పడిపోయాడు. ఒక మంచం పక్కనుంచి లేచి ఇంకో మంచం పక్కన కూచున్నట్టయింది వీరాయమ్మకి. ఏడిచిందా అంటే ఏడిచింది, కానీ విమానంలోనే ఏడ్చేసి, ఇంటికొచ్చాక చీర కొంగు బిగించింది.

మాఘమాసం వచ్చింది. స్వామివారి తీర్థం వెళ్ళిన మూడో రోజు వీరాయమ్మ తమ్ముడు గంగబాబు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కొత్త బోటు కట్టించుకున్నాడు. వచ్చే గురువారం పొద్దున్నే నీళ్ళలోకి దించాలి. పేరు 'శ్రీ లక్ష్మీ నరసింహ'. చెప్పులు విప్పి మళ్ళీ తొడుక్కున్నాడు.

"బావగారూ, పేరుకి రేడియం స్టిక్కరు చేయించేస్తున్నానండీ. పంటెక్కి గోదారి దాటెళ్ళి నరసాపురంలో చెప్పొచ్చేను. మరి… ముహూర్తం దగ్గరకొచ్చేసింది కదండీ."

"ఎవరి దగ్గర?"

"శ్యామ్ సుందర్ కొట్లోనండీ."

మాణిక్యం గోడవైపు తిరిగాడు. గంగబాబు అక్కగారి మొహం కేసి చూసి, ఇంక అక్కడ నిలబడలేక వెళ్ళిపోయాడు.

ఆ శ్యామ్ సుందర్ సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్ళ కిందట మాణిక్యం దగ్గర పని నేర్చుకుంటానని వచ్చాడు. గీత పెడితే ముచ్చటేసేది. కానీ వాడిది ఎడంచేతి వాటం. నాలుగో రోజు మాణిక్యం వాడి చేతిలోంచి కుంచె లాక్కుని, "ఎడంచేత్తో స్వామి పేరు రాస్తావురా? బోటెక్కే వాళ్ళు బతికి బట్టకట్టాలా వద్దా?" అని నలుగురిలో కేకలేసి పంపేశాడు. ఆ మాటే తర్వాత ఊరి మాటైపోయింది. వలపెద్ద పోలిరాజు, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ఆ తీరంలో ఆయన ఔనంటే ఔను, కాదంటే కాదు. ఆయన కూడా తల ఊపి, "మాణిక్యం చెప్పింది సబబే. స్వామి పేరు మీద ఎడంచెయ్యి పడకూడదు" అనేశాడు. అలా మాణిక్యం కట్టిన కట్టుబాటు చివరికి మాణిక్యం మెడకే చుట్టుకుంది.

గంగబాబు వెళ్ళాక వీరాయమ్మ మెల్లిగా కదిపింది.

"ఏమండీ, ఎడంచేత్తో ఓసారి ప్రయత్నం చెయ్యకూడదా?"

"నీకు మతి పోయిందేంటే?" అంతెత్తున లేచాడు మాణిక్యం. ఎనిమిది నెలల్లో అంత గట్టిగా అరవడం అదే మొదలు. "ఎడంచేత్తో స్వామి పేరా? నా నోటితో నేనే వద్దన్న పని నేనే చెయ్యాలా? బోటుకేదైనా అయితే? నీ తమ్ముడి పిల్లలకి ఎవరు సమాధానం చెప్తారు?"

"స్వామి పేరు రాయమని నేనెక్కడన్నానండీ? ఉత్తినే ఏదోటి గియ్యండన్నాను."

"ఏదోటి గీస్తే నలుగురూ చూసి నవ్వుతారు. మాణిక్యం 'అ' రాస్తే కుంటికోడిలా ఉందంటారు."

వీరాయమ్మ ఇంక వాదించలేదు. లోపలికెళ్ళి తన పెట్టెలోంచి ఒక కుంచె తెచ్చింది. వెదురు పిడి, మొన తేలిన వెంట్రుకలు. చెంబుతో నీళ్ళు పెట్టుకుని, ఆయన మంచానికి ఎదురుగా సిమెంటు నేల మీద గొంతుక్కూచుంది. కుంచె నీళ్ళలో ముంచి, చెంబు అంచుకి రెండుసార్లు ఒత్తి, ఊపిరి బిగబట్టి మొదలెట్టింది.

మాణిక్యం చూడకూడదనుకున్నాడు. చూశాడు. ఎలా చూడడూ? కుంచె నేలని తాకిన చప్పుడు చెవిలో పడితే ఆ మనిషికి నిద్ర కూడా ఎగిరిపోతుంది. ఐదో క్లాసుతో చదువు ఆపేసిన తన భార్య, కిరాణా చీటీ కూడా కొక్కిరిబిక్కిరి గీతల్లో రాసే మనిషి, అడ్డంగా, నిలువుగా, కొంచెం ఒంచి, కొంచెం ఆపి, ఒకదాని తర్వాత ఒకటి గీతలు పెట్టుకుంటూ పోతోంది. పెట్టిన గీత మీదకి మళ్ళీ వెళ్ళడం లేదు. చివరికి ఒక పొడుగు గీత పైనుంచి దింపి, కింద కుడివైపుకి వంచి, మొన పైకి లేపి కుంచె ఎత్తేసింది.

龜

"ఏంటే ఇది?"

"తాబేలండి."

"తాబేలేంటి? అక్షరంలా ఉంది."

"అక్షరమేనండి. తాబేలనే మాటకి వాళ్ళ అక్షరం. చెన్ తాతగారు నేర్పేరు. దాన్ని ఎడం పక్కకి పడుకోబెట్టేరనుకుని తలొంచి చూడండి."

మాణిక్యం దిండు మీదే మెడ వంచాడు. వంచగానే నోరు తెరుచుకుంది. పైనున్న చిన్న కొక్కెం తల. రెండు కాళ్ళు, గోళ్ళతో సహా. ఉబ్బెత్తుగా డిప్ప, డిప్ప మీద నెర్రెల్లా అడ్డగీతలు. వెనకాల తోక. నడిచివెళ్ళే తాబేలుని పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"ఓరి నాయనో! మరి నిలబెట్టేరేంటి పాపం దాన్ని?"

"వెనకటికి వెదురు బద్దల మీద రాసేవారంట. బద్ద సన్నం కదండీ, అడ్డంగా పట్టదు. అందుకని జంతువులన్నిటినీ తోకల మీద నిలబెట్టేసేరంట."

అనేలోపే గుమ్మంలోంచి పడే ఎండకి నేల ఆరిపోయి తాబేలు తల మాయమైంది, తర్వాత కాళ్ళు. మాణిక్యం మంచం మీద లేచి కూచున్నాడు. "ఇంకోసారి రాయి" అన్నాడు. ఆవిడ ఇంకోసారి రాసింది. ఐదుసార్లు రాయించాడు. ఆరోసారి ఆవిడ అన్నం వండాలని లేచిపోతే కోపం తెచ్చుకున్నాడు. ఆ కోపంలో ముప్పావు వంతు అసూయే, దాచడమెందుకు? ఊరంతటికీ అక్షరం రాసిపెట్టిన వాడి ఇంట్లో, వాడికి రాని అక్షరం వాడి పెళ్ళానికొచ్చు.

ఆ రోజు నుంచి ఆ అక్షరం తప్ప వేరే మాట లేదు ఆ ఇంట్లో. వీరాయమ్మ చేపలు కడుగుతూ, చింతపండు పిసుకుతూ చెప్పేది, ఆయన మంచం మీద కూచుని వినేవాడు. చెన్ తాతగారికీ కుడిచెయ్యి ఇలాగే పడిపోయిందట. నలభై ఏళ్ళు నల్లబల్ల మీద రాసిన చెయ్యి. వాన రానీ, ఎండ కాయనీ, ప్రతి పొద్దున్నా ఎడంచేత్తో కుంచె పట్టుకుని నేల మీద నీళ్ళతో ఈ ఒక్క అక్షరమే రాసేవాడట. మొదటి ఏడాదంతా చూస్తే తాబేలు కాదు, తొక్కేసిన పీత.

"తేలిక అక్షరం ఏదైనా చూసుకోవచ్చు కదండీ అన్నాను నేను. తేలికది రాస్తే చెయ్యి పొగరెక్కుతుందమ్మా అన్నారాయన. దీనికి పదహారు గీతలు. కొందరు పద్ధెనిమిది లెక్కపెడతారంట, ఆయన మాత్రం పదహారే అనేవారు. ఇప్పటి పిల్లలకి ఏడు గీతల్లో చిన్నది నేర్పుతున్నారంట. అదంటే ఆయనకి ఒళ్ళుమంట. కాళ్ళు తీసేసేరు, ఇంకెలా నడుస్తుందమ్మా అనేవారు."

"నిజమేనే!" అన్నాడు మాణిక్యం, ఎరగని మనిషి తరఫున. "కాళ్ళెలా తీసేస్తారు?"

అన్నిటికన్నా మాణిక్యాన్ని పట్టి ఊపేసింది ఆ అక్షరం పుట్టుక. మూడు వేల ఏళ్ళ పైమాట. వాళ్ళ రాజులు ఏ పని మొదలెట్టాలన్నా తాబేలు పొట్టవైపు డిప్ప తీసుకుని, వెనక చిన్న చిన్న గుంటలు తొలిచి, కాలే పుల్ల గుచ్చేవారట. చిటుక్కుమని డిప్ప బీటలు వారేది. ఆ బీటని బట్టి దేవుడు ఔనన్నాడో కాదన్నాడో చెప్పేవారు. అడిగిన ప్రశ్నని ఆ బీట పక్కనే చెక్కేవారు. వాన పడుతుందా, రాణిగారి కాన్పు సుఖంగా అవుతుందా, రాజుగారి పంటినొప్పి తగ్గుతుందా? అలా చెక్కినవే ఇప్పటికి దొరికిన వాళ్ళ అక్షరాలన్నిటిలోకీ పాతవి. ఆ డిప్పల మీద తాబేలు అక్షరం కూడా ఉంది. అప్పటిది అచ్చం బొమ్మే.

"తర్వాత అవన్నీ భూమిలో పూడిపోయేయంటండీ. ఎన్నో వందల ఏళ్ళకి రైతులకి దున్నుతుంటే దొరికేయంట. ఏవో ఎముకలనుకుని, మందు కొట్లకి అమ్మితే, జనం నూరుకుని తాగేసేరంట."

"అక్షరాలు నూరుకు తాగేరా!" మాణిక్యం తల పట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఆయనకి అన్నం సయించలేదు. రాత అంటే ఎంత ప్రాణమో ఆ మనిషికి! ఎక్కడో, ఎప్పుడో, ఎవరో చెక్కిన రాతలు పోయినందుకు సొంత ఇంట్లో మనిషి పోయినట్టు కూచున్నాడు. కాసేపటికి తనే తేరుకుని, "అదన్నమాట సంగతి. మనవాళ్ళు తాటాకు మీద రాసేరు, గీత లాగితే ఆకు చిరిగిపోద్ది, అందుకని మనవి గుండ్రం. వాళ్ళవి డిప్ప మీద చెక్కినవి, అందుకే అంత ముక్కుసూటి" అన్నాడు. చెన్ తాతగారు కూడా ఇంచుమించు ఇదే మాట అన్నారని వీరాయమ్మ చెప్పినప్పుడు ఆయన మొహం వెలిగింది. ఎనిమిది నెలల తర్వాత వెలిగిన మొహం అది. వీరాయమ్మ కూర మాడిపోతున్నా కదలకుండా చూస్తూ నిలబడింది.

అర్థాలు కూడా ఒకటి కాదు. నిండు నూరేళ్ళు అన్న దీవెనకి తాబేలే. ఎండకి నెర్రెలు తీసిన చేలకీ, చలికి పగిలిన చేతులకీ ఆ అక్షరమే. ఎడారి అవతల ఎప్పుడో ఉండి పోయిన ఒక రాజ్యం పేరులోనూ అదే. తిట్టు కూడా ఉందండోయ్! ఒకసారి వీరాయమ్మ మురిసిపోయి కూరల కొట్టువాడికి కాగితం మీద రాసి చూపిస్తే వాడు పగలబడి నవ్వాడట. చెన్ తాతగారు వాడి కొట్లో కూరలు కొనడం ఆరు నెలలు మానేశాడట, తాబేలుకి జరిగిన అవమానానికి.

నాలుగో రోజున మాణిక్యం కుంచె ఎడంచేతికి తీసుకున్నాడు. ఇదైతే ఎవడు నవ్వుతాడు? తప్పో ఒప్పో చెప్పడానికి పల్లిపాలెంలో చీనా భాష వచ్చినవాడు లేడు. దేవుడి పేరూ కాదు. వీరాయమ్మ దగ్గర నిలబడితే పొమ్మన్నాడు. ఆవిడ కిటికీలోంచి చూసింది.

ముప్ఫై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? బోటు మీద పేరు రాసే పద్ధతి వేరు. ముందు నూలుదారానికి సుద్ద పట్టించి అడ్డగీత కొట్టాలి. సుద్దముక్కతో అక్షరం అంచులు గియ్యాలి. ఆ తర్వాత అంచుల మధ్య రంగు నింపాలి, ఎక్కడినుంచి మొదలెట్టినా ఫరవాలేదు. మాణిక్యం అదే చేశాడు. వీరాయమ్మ కాగితం మీద రాసిచ్చిన నమూనా ముందు పెట్టుకుని, బొగ్గుతో నేల మీద అంచులు గీసి, లోపల ఎర్రరంగు నింపాడు. రెండు గంటల్లో అక్షరం అచ్చు దిగిపోయింది. పొంగిపోయి కేకేశాడు.

వీరాయమ్మ వచ్చి చూసింది. ఆవిడ అబద్ధమాడి ఉండొచ్చు. ఆడలేదు.

"బాగుందండీ. కానీ చచ్చిపోయింది."

"ఏంటీ?"

"తాబేలండీ. మీరు నింపేరు, రాయలేదు. నడవదిది."

పెయింటు డబ్బా తన్నేశాడు మాణిక్యం. రెండు పూటలు కుంచె ముట్టుకోలేదు. మూడో పూట నిద్ర లేచేసరికి వీరాయమ్మకి సిమెంటు నేల మీద తడి చప్పుడు వినిపించింది. నీళ్ళతో రాస్తున్నాడు. అంచులు లేవు, నమూనా లేదు. మొదటి గీత పెట్టి ఆగాడు, రెండోది పెట్టాడు, మూడోది తప్పాడు. దిద్దడానికి చెయ్యి వెళ్ళి, వెనక్కి వచ్చింది. ఆరిపోయేదాకా ఆగి మళ్ళీ మొదలెట్టాడు.

మంగళవారానికి కాళ్ళొచ్చాయి. బుధవారానికి డిప్ప కుదిరింది. తోక మాత్రం కుదరలేదు, పైనుంచి కిందకి ఒక్క ఊపున దింపాల్సిన గీత, సగంలో చెయ్యి భయపడి ఆగిపోతోంది. బుధవారం సాయంత్రం పోలిరాజు అటు వెళ్తూ చూసి గుమ్మంలో ఆగాడు.

"ఎడంచేత్తోనా?"

"చీనా అక్షరం మావయ్యగారూ. తాబేలు."

"బాగుంది, బాగుంది. చేతికి పని" అన్నాడు పోలిరాజు. ఆ వెంటనే, మాణిక్యం కళ్ళల్లో ఏదో కనిపెట్టినట్టు, నెమ్మదిగా చెప్పాడు. "బోటు సంగతి మాత్రం మనసులో పెట్టుకోకు. నువ్వు చెప్పిన మాటే కదా. ఎడమ ఎడమేరా."

"ఆయ్" అన్నాడు మాణిక్యం. కుంచె కడిగి పక్కన పెట్టేశాడు. ఆ రోజు ఇంక రాయలేదు. గంగబాబు స్టిక్కరు తెచ్చి బోటు పక్కన గొట్టంలా చుట్టిపెట్టాడని, పొద్దున్న తొమ్మిదింటికి అంటిస్తారని అప్పటికే ఊరంతా తెలుసు. మాణిక్యం ఒక్కడే ఆ మాట ఎత్తలేదు. 'ముప్ఫై ఒక్క ఏళ్ళు. రేపటితో సరి' అనుకుని కళ్ళు మూసుకున్నాడు.

గురువారం తెల్లవారుతూనే వీరాయమ్మ ఆయన్ని బలవంతాన ఇసుకలోకి నడిపించింది. కాలుకి మంచిదని వంక. ఆ వేళకి పోలిరాజు మనుషులు అలివి వల ఒడ్డుకి లాగుతున్నారు. పాతికమంది రెండు వరుసల్లో తాళ్ళు పట్టుకుని వెనక్కి నడుస్తున్నారు. వల సంచి ఇసుక మీదకి రాగానే కేకలు మొదలయ్యాయి.

"స్వామి! స్వామొచ్చేడు! చేపలు వదిలేయండ్రా, ముందు వల కొయ్యండి!"

పెద్ద తాబేలు. వెడల్పాటి డిప్ప, పాచిరంగు. బతికే ఉంది. ఆ తీరంలో వలలో తాబేలు పడితే కూర్మావతారం ఇంటికొచ్చినట్టే. ఎంత ఖరీదు వలైనా కోసి విడిపిస్తారు. మంచినీళ్ళు పోసి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి సాగనంపుతారు. వెనకటికి ఆ కుంకుమ పెట్టేది మాణిక్యమే. కొబ్బరినూనెలో కలిపిన కుంకుమతో డిప్ప మీద నిండుగా నామం దిద్దేవాడు. ఆయన పడిపోయాక పోలిరాజే పెడుతున్నాడు, ఉత్తి బొట్టు.

పోలిరాజు పసుపు రాశాడు. కుంకుమ గిన్నె అందుకునేలోపు తాబేలు తల తిప్పి, సముద్రం వాసన పట్టి, కదిలింది. ఆగమంటే ఆగుతుందా? కాళ్ళు ఇసుకలో దిగేసి ముందుకి ఈడ్చుకుంటూ పోతోంది.

మాణిక్యం పక్కనుంచి చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఒక్కసారి ఒళ్ళు జల్లుమంది. తల. గోళ్ళున్న కాళ్ళు. ఉబ్బిన డిప్ప, దాని మీద అడ్డగీతలు. తోక. వారం రోజులుగా నేల మీద చూస్తున్నది ఇదే, ఇదిగో, నడుస్తోంది! మూడు వేల ఏళ్ళ కిందట ఎవడో మహానుభావుడు ఇలాగే ఏ ఒడ్డునో నిలబడి, ఇలాగే పక్కనుంచి చూసి ఉంటాడు. వాడి కన్ను ఎంత గొప్పది! వాడి చెయ్యి ఎంత గొప్పది! మాణిక్యానికి కళ్ళనీళ్ళు వచ్చేశాయి. చెయ్యి ఎప్పుడు చాపాడో ఆయనకే తెలియదు. పోలిరాజు దగ్గర్నుంచి గిన్నె లాక్కుని వీరాయమ్మకిచ్చాడు, వేలు కుంకుమలో ముంచి, తాబేలు మీదకి వంగాడు.

మొదటి గీత.

తాబేలు ఆగదు. మాణిక్యం దానితో పాటు నడవాలి. కాలు ఈడుస్తూ, వంగి, ఒక గీత పెట్టి ఒక అడుగు, ఇంకో గీత పెట్టి ఇంకో అడుగు. ఒక చేత్తో గిన్నె పట్టుకుని, ఇంకో చేత్తో ఆయన నడుం పట్టుకుని వీరాయమ్మ వెనకాలే వస్తోంది. అంచులు గియ్యడానికి వ్యవధి లేదు, నింపడానికి వ్యవధి లేదు, భయపడడానికి అసలే లేదు. తల అయింది. కాళ్ళయ్యాయి. డిప్ప అయింది. మొదటి అల పాదాల మీదకి వచ్చింది. తాబేలు దాని కోసమే చూస్తున్నట్టు వేగం పెంచింది. మాణిక్యం మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, వేలు ఆన్చి, తోక గీతని ఒక్క ఊపున దింపి, వంచి, పైకి లేపాడు.

అల వచ్చి తాబేలుని ఎత్తుకుంది. పసుపు డిప్ప మీద ఎర్రటి అక్షరం నీళ్ళలో ఒక్క క్షణం నిగనిగలాడింది. ఇంకో అలకి అక్షరమూ లేదు, తాబేలూ లేదు.

ఒడ్డున పాతికమందీ చేష్టలుడిగి నిలబడ్డారు.

"ఏం రాసేవురా?" అన్నాడు పోలిరాజు.

"తాబేలని రాసేను మావయ్యగారూ."

"తాబేలు మీద తాబేలని రాసేవా? దానికి తెలీదంట్రా?" ఎవరో కిసుక్కుమన్నారు. పోలిరాజు నవ్వలేదు. ఆయన మాణిక్యం చేతి కేసి చూస్తున్నాడు. అప్పుడు మాణిక్యం కూడా చూసుకున్నాడు. ఎర్రగా, కుంకుమ కారుతూ, ఎడంచెయ్యి. స్వామి ఒంటి మీద ఎడంచెయ్యి వేశాడు. పాతికమంది చూస్తుండగా వేశాడు. ఒకప్పుడు ఇందులో సగం తప్పుకి ఒక కుర్రవాణ్ణి నలుగురిలో తరిమేశాడు తను.

"తప్పయిపోయింది మావయ్యగారూ. ఒళ్ళు తెలీలేదు. ఏం శాంతి చేయించమంటే అది చేయిస్తాను. నా మూలాన ఎవరికీ ఏమీ కాకూడదు." వీరాయమ్మ ఆయన్ని గట్టిగా పట్టుకుంది, పడిపోతాడేమోనని.

పోలిరాజు చాలాసేపు సముద్రం కేసి చూశాడు. తాబేలు వెళ్ళిన చోట ఏమీ లేదు, అలలే.

"శాంతి ఎందుకురా? తప్పయితే ఆయనే కాలు విసిరి కొట్టేవాడు. నువ్వు రాసినంతసేపూ ఒక్కసారైనా విసిరేడా? లేదే. రాయించుకుని, హాయిగా ఇంటికెళ్ళిపోయేడు." ఆగి, వెనక్కి తిరిగి, గొంతు పెంచాడు. "ఒరే గంగబాబూ! స్వామి వీపు మీద పనికొచ్చిన చెయ్యి నీ బోటు మీద పనికిరాదంట్రా?"

"ఎంత మాటండీ!" అంటూ గంగబాబు పరిగెత్తుకొచ్చాడు. "బావగారూ, పెయింటు ఏ రంగు కావాలండీ? ఆ స్టిక్కరు నా మోటార్‌సైకిల్‌కి అంటించుకుంటానండీ. మూరెడు బండికి బారెడు పేరు, ఉంటే ఉందిలెండి!"

ముహూర్తం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగింటికి జరిపించారు. పంతులుగారు గొణిగారు, పోలిరాజు ఒక్క చూపు చూస్తే ఊరుకున్నారు. బోటు ముక్కు దగ్గర పీపా వేసి మాణిక్యాన్ని ఎక్కించారు. నీలిరంగు చెక్క, ఎండకి వెచ్చగా ఉంది. సుద్దదారం తెమ్మంటారా అని ఎవరో అడిగితే వద్దన్నాడు. తెల్లరంగులో కుంచె ముంచి, డబ్బా అంచుకి ఒత్తి, ఊపిరి బిగబట్టాడు. శ్రీకారం మొదలెట్టాడు. గుండ్రం తిరిగేటప్పుడు చెయ్యి ఒక్కచోట వణికింది. ఆగకుండా దాటించాడు. పైన గుడిదీర్ఘం, కింద రావత్తు సున్నితంగా తిప్పి కుంచె ఎత్తాడు.

పాత శ్రీ కాదది. కాస్త ఎడమకి ఒరిగింది, నడిచివచ్చే మనిషి అడుగు ముందుకేసినట్టుంది. కింద నిలబడ్డ జనంలోంచి పోలిరాజు ముందుకొచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకి కట్టుకున్నాడు. రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని, ఆ ఎడంచేతి శ్రీకారానికి దణ్ణం పెట్టాడు.

మాణిక్యం పీపా మీద నిలబడి, కుంచె గుండెకి ఆనించుకుని, ఊరంతా చూస్తుండగా వెక్కివెక్కి ఏడ్చాడు. కింద పీపా పట్టుకున్న వీరాయమ్మా ఏడ్చింది.

"ఏడుపు తర్వాత ఏడుద్దువుగానిలేరా" అన్నాడు పోలిరాజు, తువ్వాలు కొసతో తన కళ్ళే తుడుచుకుంటూ. "నాలుగవుతోంది. ఇంకా లక్ష్మీ ఉంది, నరసింహ ఉంది. కానియ్."